దేశాంతరగమనమునఁ గర్తృకర్మవిచారము: షియాంగ్ బియావ్ పండితుని సంఘశాస్త్రకృషి

హైదరాబాదునకుఁ బడమటిదెస, శేరిలింగంపల్లి మండలమున, హైదరాబాదు విశ్వవిద్యాలయప్రాంగణమునకుఁ జేరువను గోపన్‌పల్లి యను గ్రామము కలదు. రాతిగుట్టలును, చెఱువులును, మెట్టచేలును గల ఆ ప్రాంతమున నేఁడు ఆకాశమంటు మేడలు లేచినవి. వేకువను ఉద్యోగులను గొనిపోవు వాహనముల మ్రోఁత వినవచ్చుచున్నది. ఈ మార్పునకు మొదలు చెప్పవలసినచో 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీని జెప్పుదురు. ఆనాఁడు మాదాపూరునందు సైబర్ టవర్స్ అను సౌధమును అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించెను. దానిచుట్టు పెరిగిన పేటకు హైటెక్ సిటీ యని పేరు. ఆ పేట పడమటికి వ్యాపింపఁగా గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, నల్లగండ్ల, గోపన్‌పల్లి దానిలోఁ గలిసినవి. 2004లో విశ్వవిద్యాలయమునుండి తీసికొనఁబడిన కంచ గచ్చిబౌలి భూమికి బదులుగా గోపన్‌పల్లియందు 397 ఎకరములు ఇయ్యఁబడెనని 2025లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించెను. ఇట్లు ఒకనాఁడు పొరుగూళ్ళవారికిఁ దప్ప నితరులకుఁ దెలియని పల్లెపేరు రాజ్యవ్యవహారములలోని కెక్కెను.

'గోపన్‌పల్లి మాఱినది' అని యందఱు నందురు. ఆ వాక్యమున గ్రామమే కర్త. అన్నము తానే యుడికినదనుటయు, కట్టె తానే విఱిగినదనుటయు ఇట్టివే. నిజమునకు వండినవాఁడును విఱిచినవాఁడును వేఱుగా నుందురు. అయినను వారిని జెప్పనొల్లక కర్మమునే కర్తగాఁ జెప్పుట లోకమునఁ గలదు. వైయాకరణులు దీనిని గర్మకర్తరిప్రయోగ మందురు. శబ్దవ్యవహారమున నిది దోషము గాదు. సంఘచరిత్రమున మాత్రము ఇది తఱచుగా సత్యమును గప్పిపుచ్చును. నగరము పెరిగినదనియు, లోకము చిన్నదైనదనియు, కాలము మాఱినదనియుఁ జెప్పి యూరకుండుట సులభము. పెంచినవారెవరు, ఎవరి ధనముతోఁ బెంచిరి, ఎవరి నష్టముమీఁదఁ బెంచిరి యని యడుగుట కష్టము. ఈ ప్రశ్నను తెలుగువారి విషయమున నిశితముగా నడిగినవారిలో నొకఁడు చీనాదేశీయుఁడు. ఆయన పేరు షియాంగ్ బియావ్. ఇందు షియాంగ్ అనునది యింటిపేరు, బియావ్ అనునది వ్యక్తినామము. తెలుగువారివలెనే చీనావారును ఇంటిపేరును ముందుఁ జెప్పుదురు.

షియాంగ్ పండితుఁడు 1972లో చీనాదేశమున తూర్పుతీరమునందలి జెజియాంగ్ రాష్ట్రమున, వెన్‌జౌ ప్రాంతమునఁ బుట్టెను. వెన్‌జౌవారు వర్తకమునకుఁ బేరువడినవారు. ఊరు విడిచి దేశదేశములఁ దిరిగి బ్రదుకువారు. ఈయన బీజింగునగరమునకుఁ బోయి పెకింగ్ విశ్వవిద్యాలయమున సంఘశాస్త్రము నభ్యసించి, 1995లోఁ బట్టమును 1998లో నున్నతపట్టమును బడసెను. ఆ విద్యాపీఠమున సంఘశాస్త్రమునకు ఫే షియావ్‌తుంగ్ (1910–2005) పెద్దదిక్కుగా నుండెను. ఆయన తన సీమయందలి యొక పల్లెను స్వయముగాఁ బరిశీలించి, 1939లో చీనాకర్షకుల జీవితమును గూర్చి యాంగ్లమున గ్రంథమును బ్రకటించి, గ్రంథములనుండి గాక జనులనడుమనుండి శాస్త్రము చేయు సంప్రదాయమును నెలకొల్పిన మహనీయుఁడు. షియాంగ్ పండితుని మార్గమును అదియే. కాని ఫే పండితుఁడు ఊరిలో నున్నవారిని జూచెను, ఈయన ఊరు విడిచినవారిని జూచెను.

1992 ప్రాంతమున, ఇరువదియేండ్ల ప్రాయమున, ఈయన బీజింగునగరముయొక్క దక్షిణపుటంచున నున్న యొక పేటను బరిశీలింప మొదలిడెను. జెజియాంగ్‌నుండి, ముఖ్యముగా వెన్‌జౌ ప్రాంతమునుండి, వలసవచ్చిన దర్జీలును బట్టలవర్తకులును అక్కడఁ గూడి యుండిరి. దానికి 'జెజియాంగ్ గ్రామము' అని వాడుక. 1995 నాఁటికి అందు సుమారు లక్షమంది యుండిరందురు. చీనాయందు హుకౌ యను నివాసలేఖనపద్ధతి కలదు. పల్లెయందుఁ బేరు వ్రాయఁబడినవానికి నగరమున స్థిరనివాసపు హక్కులు సులభముగా లభింపవు. కాఁబట్టి ఆ పేట ప్రభుత్వపు లెక్కలలో లేని పేట. అయినను రాజధానికి తోలుచొక్కాలు కుట్టి యిచ్చినది ఆ పేటయే. 1995 చివర అధికారులు వారి వాసములను గూల్పించిరి. కొలఁదికాలమునకే వారు మరలివచ్చిరి. ఆఱేండ్లు ఈ విషయమునఁ గృషిచేసి షియాంగ్ పండితుఁడు రచించిన గ్రంథము చీనాభాషలో 2000లోను, ఆంగ్లమున 2005లోను వెలువడెను. బంధువులును, స్నేహితులును, సరుకిచ్చువారును, కొనువారును ఒకరితో నొకరు ముడివడియున్న గుంపును 'షీ' యను చీనాపదముతో ఆయన వ్యవహరించెను. సంబంధ మనియు, వ్యవస్థ యనియు ఆ పదమున కర్థములు. ప్రభుత్వము గీసిన సరిహద్దులను ఈ ముడులే దాఁటించినవని ఆయన సిద్ధాంతము.

ఇంతవఱకు చీనాకథ. ఈ పండితుఁడు తెలుగువారియొద్ద కెట్లు వచ్చెననఁగా, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునఁ బరిశోధకుఁడుగాఁ జేరిన పిదప స్వదేశవిషయమును విడిచి పరదేశవిషయమునఁ జేయిపెట్టెను. 2000, 2001 సంవత్సరములలో ఆస్ట్రేలియాలోని సిడ్నీనగరమునను, మలేషియాలోను, హైదరాబాదునను ఉండి, కంప్యూటరువృత్తినిమిత్తమై దేశాంతరములు తిరుగు భారతీయయువకులను, అందు విశేషముగాఁ దెలుగువారిని, బరిశీలించెను. ఆ పరిశోధనకు 2003లో ఆక్స్‌ఫర్డు వారు పండితపట్టమిచ్చిరి. తరువాత 2007లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయముద్రణాలయమువారు దానిని 'గ్లోబల్ బాడీ షాపింగ్' అను పేరఁ బ్రకటించిరి. 2008లో నగరమానవశాస్త్రపరిషత్తువారి ఆంథొనీ లీడ్స్ బహుమానము ఆ గ్రంథమునకు వచ్చెను. పిమ్మట ఈయన ఆక్స్‌ఫర్డున నాచార్యుఁడై, అనంతరము జర్మనీదేశమున హాలెనగరమునందలి మాక్స్ ప్లాంక్ సాంఘికమానవశాస్త్రపరిశోధనాలయమునకు నిర్దేశకులలో నొకఁడయ్యెను.

ఇఁక గ్రంథవిషయము. ఒక దేశమునఁ గంప్యూటరుపని యెఱిఁగినవారు కావలసినపుడు, వారిని దనయొద్దనే నిలుకడగా నుంచుకొనుట కనేకసంస్థలు ఇచ్చగింపవు. కన్సల్టెన్సీ యను చిన్నసంస్థ భారతదేశమునుండి యువకులను వీసామీఁద రప్పించి, పని యున్నంతకాలము ఒక సంస్థకును, అది ముగియఁగానే మఱియొక సంస్థకును ఒప్పగించును. ఈ చిన్నసంస్థకే బాడీ షాప్ అని పేరు. వీసా తెప్పించుట, బస చూపుట, జీతమిచ్చుట దాని పనులు. పని చేయించుకొన్న సంస్థ గంటకింత యని చెల్లించు సొమ్ములోఁ గొంత యది మిగుల్చుకొని, తక్కినది పనివాని కిచ్చును. పెద్దసంస్థకును దీనికిని నడుమ మఱియొక మధ్యవర్తి, వానివెనుక నింకొకఁడు, ఇట్లు గొలుసు పెరుగును. ప్రతికొలికియందును గొంత సొమ్ము జాఱిపోవును. పనిలేని దినములలో యువకుఁడు 'బెంచిమీఁద' నున్నాఁడందురు. తెలుగుబడులలో బెంచి యెక్కించుట తప్పుచేసినవానికి శిక్ష. ఇక్కడఁ దప్పుచేయనివాఁడు అంగడిలో గిరాకి తగ్గినందున నెక్కును. ఎక్కినన్నాళ్ళు జీతము తగ్గుటయో బొత్తిగా నిలిచిపోవుటయో కలదు. దిగుటయో వానిచేతిలో లేదు.

ఈ వ్యాపారము ఆ కాలమునఁ బ్రబలుటకుఁ గారణములు కలవు. పూర్వపు కంప్యూటరులలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసియుండిరి. 2000వ సంవత్సరము రాఁగా 00 అను నంకెను యంత్రము 1900గాఁ గొనునని భయపడి లోకమంతయు దిద్దుబాటునకుఁ బూనుకొనెను. అమెరికావారు సాలునకు 65,000గా నున్న హెచ్-1బి వీసాల పరిమితిని 1998 చట్టముచే 1,15,000కును, 2000 చట్టముచే 1,95,000కును బెంచిరి. 2004 నుండి మరల 65,000కుఁ దగ్గించిరి. ఆస్ట్రేలియావారు 1996లో 457 అను తాత్కాలికవీసాను గల్పించిరి. 2000 మార్చి తరువాత అమెరికాలో ఈ వృత్తిసంస్థల వాటాల ధర కూలెను. ఇట్లు గిరాకి యొకయేఁడు పొంగుచు, మఱుసటియేఁడు క్రుంగుచు నుండఁగా, ఆ పొంగుక్రుంగుల నష్టమును సంస్థలు భరింపక పనివానిమీఁదికిఁ ద్రోయుటకుఁ గల్పించుకొన్న సాధనమే బాడీ షాపింగ్ అని షియాంగ్ పండితుఁడు నిరూపించెను. ఒక దేశమునఁ బని తగ్గినచో యువకుఁడు వేఱొక దేశమునకు మార్చఁబడును. మలేషియానుండి ఆస్ట్రేలియాకును, అక్కడినుండి అమెరికాకును మెట్లుమెట్లుగాఁ బోవువారు పలువురు. మెట్లన్నిటికిని పైన నున్నది అమెరికాయే.

ఈ వృత్తినామమును వినినంతనే తెలుగువారు చిన్నఁబుచ్చుకొందురు. చదువుకొన్న బిడ్డలను బోధించుటకు 'దేహవ్యాపార' మనుమాట తగునా యని వారి యాక్షేపము. ఆ పేరు గ్రంథకర్త కల్పించినది గాదు, ఆ వృత్తిలోనివారి నోట నున్నదే యని సమాధానము. మఱియు ఆ పేరున నొక సందిగ్ధత కలదు. 'గురువుపూజ' యన్నపుడు గురువు చేసిన పూజ యనియు, గురువునకుఁ జేసిన పూజ యనియు రెండర్థములు వచ్చును. కృదంతయోగమునఁ గర్తకును గర్మమునకును షష్ఠి కలుగునని శాస్త్రము. 'మనుష్యవిక్రయము' అను సమాసమును విడఁదీసినచో మనుష్యుఁడు చేయు విక్రయమా, మనుష్యుని విక్రయించుటయా? సిడ్నీలోని తెలుగుయువకుఁడు తన విద్యను దానే యమ్ముకొనుచున్నాఁడని యొకరందురు. వానిని వేఱొకఁడమ్ముచున్నాఁడని మఱియొకరందురు. ఈ రెండును ఏకకాలమున నిజములే యని చూపుట యీ గ్రంథముయొక్క ప్రధానప్రయోజనము. అంతేకాక, ఉద్యోగము చూపినందుకు పనివానియొద్దనే సొమ్ము తీసికొనుటయుఁ గలదు. అమ్మఁబడువాఁడే కొనువాఁడును అగుట యీ యంగడిలోని వింత.

గ్రంథమునందుఁ దెలుగువారు మిక్కిలి శ్రద్ధతోఁ జదువఁదగిన భాగము, ఇట్టి యువకులు ఆంధ్రదేశమున నెట్లు తయారగుదురని చెప్పు రెండవ ప్రకరణము. యంత్రశాస్త్రకళాశాలల జీతములు, అమీర్‌పేటలోని శిక్షణాలయముల రుసుములు, వీసాకును బ్రయాణమునకును అగు వ్యయము, బెంచిమీఁద నుండు మాసముల గ్రాసము, ఈ ధనమంతయు నెక్కడిది? సేద్యముమీఁద మిగిలినది కొంత, అమ్మిన పొలముమీఁద వచ్చినది కొంత, వివాహమున లభించినది కొంత. విదేశమున కంప్యూటరుపనివానికి వరునిగా వెల హెచ్చు. ఆ హెచ్చువెలను జూచియే తల్లిదండ్రులు కొడుకుచదువునకు ధనము పెట్టుదురు. అనఁగా, సిడ్నీలోని సంస్థకుఁ జౌకగా లభించు పనివాని తయారీవ్యయమును దెలుగుపల్లెలలోని కుటుంబములు, అందును ఆఁడుబిడ్డలుగల కుటుంబములు, భరించినవి. ఈ లెక్క ఏ సంస్థయొక్క ఆయవ్యయపట్టికలోను గానరాదు.

ఇచ్చట నొక మాటను గూర్చి చెప్పవలసియున్నది. గ్రంథకర్త వాడిన యాంగ్లపదమునకుఁ దెలుగున వరకట్నమని యర్థము. పూర్వకాలమునఁ గట్నమనఁగా బహుమానము. సభలో రాజు కవికిఁ గట్నమిచ్చుట ప్రసిద్ధము. ఇచ్చువాని యిచ్చయే దానికిఁ బ్రమాణము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కనాటకము 1892లోఁ బ్రదర్శింపఁబడునాఁటికిఁ గొన్ని కుటుంబములలోఁ గన్యకు వెల యుండెను. పిమ్మట వెల వరునివైపు తిరిగెను. 1961 చట్టము దానిని నిషేధించెను. అయినను చట్టమునకు జంకక ఆ వెల, ఉద్యోగముతోను వీసాతోను జోడై, యింకను బెరిగెను. ఆంగ్లపద మొక్కటే యగుటచే, బహుమానము శుల్కమైన యీ పరిణామచరిత్ర షియాంగ్ పండితుని గ్రంథమున స్ఫుటము గాలేదు. తెలుగు తెలిసిన సంఘశాస్త్రజ్ఞుఁ డీ విషయమున నింక నొకయడుగు ముందునకుఁ బోవచ్చును.

గ్రంథముయొక్క కేంద్రసిద్ధాంతమును గూర్చి వ్యాకరణదృష్టితో విచారించుట యనుచితము గాదు. క్రియయందు స్వతంత్రుఁడు కర్త. వానిచేఁ జేయించువాఁడు ప్రయోజకకర్త. చేయుటకుఁ బ్రేరేపింపఁబడినవాఁడు ప్రయోజ్యుఁడు. 'యజమానుఁడు వంటవానిచేత అన్నము వండించెను' అన్నపుడు వంటవాఁడు తృతీయాంతుఁడై, ప్రేరితుఁడయ్యుఁ గర్తగానే నిలుచును. 'తల్లి బిడ్డను నడిపించెను' అన్నపుడో, నడచుచున్న బిడ్డ ద్వితీయాంతుఁడై కర్మ యగును. గమనము, జ్ఞానము మొదలగు నర్థములుగల ధాతువులకుఁ బ్రేరణమునందుఁ బూర్వకర్త కర్మ యగునని పాణిన్యాచార్యుని యనుశాసనము. ఇందొక లోకరహస్యము కలదు. వండువాఁడు ఇతరునిచేఁ బ్రేరితుఁడైనను వంటవాఁడే. పోవువాఁడు మాత్రము ఇతరునిచేఁ బంపఁబడినచో, కాళ్ళు తనవే యైనను, వాక్యమున వస్తువువలె మాఱును.

షియాంగ్ పండితుఁడు చూపిన యువకుఁడు సరిగా నిట్టివాఁడు. వాఁడు తానుగాఁ బోవుచున్నాఁడు: చదివెను, పరీక్ష నెగ్గెను, అప్పు చేసెను, విమానమెక్కెను. వాఁడు పంపఁబడుచున్నాఁడు: తండ్రి పంపెను, మామగారి ధనము పంపెను, కన్సల్టెన్సీ పంపెను, ఒక దేశపు చట్టము రప్పించెను, వేఱొక సంవత్సరమున ఆ చట్టమే త్రిప్పిపంపెను. వీనిని బానిసయని జాలిపడువారును, లోకవిజేతయని పొగడువారును ఇరువురును వాక్యమున సగమే చదివినవారు. మఱియు, ఇంతటి కష్టమునందును ఈ యువకు లెదురు తిరుగకుండుటకుఁ గారణమేమని గ్రంథకర్త ప్రశ్నించి, ప్రయోజ్యుఁడుగా నున్న ప్రతివాఁడును రేపు ప్రయోజకుఁడు గావలెనని యాశించుచుండుటయే యని సమాధానము చెప్పెను. నేఁడు బెంచిమీఁద నున్నవాఁడు ఎల్లుండి తానే కన్సల్టెన్సీ తెఱచును. ఆ యాశయే యా గొలుసును తెగకుండఁ గాపాడుచున్నది. ఈ నిరూపణము నిర్దయమైనను, నిష్పక్షపాతమైనది.

ఇఁక గ్రంథమునఁ గల కొఱతలు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునఁ బనిచేసిన శ్యామాచరణ దూబే పండితుఁడు హైదరాబాదునకుఁ జేరువనున్న శామీర్‌పేటను బరిశీలించి 1955లో 'ఇండియన్ విలేజ్' అను గ్రంథమును బ్రకటించెను. ఆయనయుఁ దెలుగువాఁడు గాఁడు. అయినను ఆ గ్రంథమున ఊరి కులములు, ఇండ్లు, పండుగలు, కలహములు కన్నులఁగట్టును. చదువరికి శామీర్‌పేటలో నొకదినము గడపినట్లుండును. షియాంగ్ పండితుని గ్రంథమున ఊళ్ళు ధనము వచ్చు మూలములుగాను, మనుష్యులు బయలుదేరు రేవులుగానుఁ గనఁబడును. నివాసములుగా నంతగాఁ గనఁబడవు. హైటెక్ సిటీ లేచిన భూమి యెవరిది, ఆ భూమిపైఁ బశువుల మేపినవా రేమైరి, మేడలు కట్టిన కూలీ లెచ్చటినుండి వచ్చిరి యనునవి యందుఁ బ్రధానవిషయములు గావు. పరిధి వేఱని సమాధానము చెప్పవచ్చును. అయినను తెలుగుచదువరి కది వెలితిగానే యుండును. కట్నపుధనముయొక్క ప్రవాహము చక్కగాఁ జెప్పఁబడినది. ఆ ధనము నిమిత్తముగాఁ బెండ్లియైన యువతి తన నోటఁ జెప్పుకొన్నది తక్కువ. మఱియు, 2001 వఱకే యీ పరిశీలనము. 2008-09 ప్రాంతమున ఆంధ్రప్రదేశప్రభుత్వము కళాశాలాజీతములను దానే చెల్లించు పథకము పెట్టిన పిదప, భూమిలేని కులముల బిడ్డలును యంత్రశాస్త్రకళాశాలలఁ జేరిరి. భూమిగలవారి సొమ్మే యీ వృత్తికి మూలమన్న నిర్ణయము అందుచే సవరింపఁదగియున్నది. ప్రేరకదేశపు శక్తిని గూర్చిన నిర్ణయము మాత్రము చెక్కుచెదరలేదు. 2025 సెప్టెంబరులో అమెరికా యధ్యక్షుఁడు క్రొత్త హెచ్-1బి వీసాలకు లక్షడాలరుల రుసుమును విధింపఁగా, ఒక్కరాత్రిలో వేలకొలఁది తెలుగిండ్లలో దీపము లాఱలేదు.

ఈ కొఱతలలో మొదటిదానిని షియాంగ్ పండితుఁడే తన యుత్తరకృషిచేఁ బూరించుకొనెనని చెప్పవచ్చును. 2014లో యోహాన్ లిండ్‌క్విస్ట్ అను పండితునితోఁ గలిసి వలసలకు ఆధారమగు కట్టడమును గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. వర్తకులు, ప్రభుత్వశాసనములు, యంత్రసాధనములు, ఉపకారసంస్థలు, బంధుమిత్రులు అను నీ యైదును గలిసి మనుష్యుని గదల్చుచున్నవని అందలి నిర్ణయము. పిమ్మట చీనాయువజనులను జూచి 'వ్రేలాడుట' యను భావమును బ్రతిపాదించెను. రేపటికొఱకై నేఁటిని ద్యజించి, ఎచ్చటను గాలూనక, రెక్కలు విడువక కొట్టుకొనుచు గాలిలో నొకచోటనే నిలుచు చిన్నపక్షిని ఆయన యుపమానముగాఁ జెప్పెను. తెలుగువారికి వెంటనే త్రిశంకుఁడు స్ఫురించును. కాని భేదము కలదు. త్రిశంకుఁ డొరుల శక్తిచే నిలిచి నిశ్చేష్టుఁడైనవాఁడు. ఈ పక్షి తన శ్రమచేతనే నిలిచియుండును. శ్రమ మానినచోఁ బడిపోవును. బెంచిమీఁది తెలుగుయువకుని జూచిన కన్నులే యీ యుపమానమును గల్పించెనని యూహించుట తప్పుగాదు.

2020లో చీనాభాషలో వెలువడిన సంభాషణగ్రంథమున ఆయన తన జీవితమును దానే పరిశీలనసాధనముగాఁ జేసికొని, మఱియొక భావమును విస్తరించెను. దానికి చీనాభాషలో 'ఫుజిన్' అని పేరు; తెలుగునఁ జేరువ యనవచ్చును. నేఁటి మనుష్యునికిఁ దన యిల్లు తెలియును, లోకమంతయుఁ దెలియును. ఆ రెంటినడుమ నుండవలసిన యిరుగుపొరుగు తెలియదు. నిత్యము కూరలు తెచ్చి యిచ్చువాని పేరెఱుఁగఁడు. ఖండాంతరవార్త క్షణములో నెఱుఁగును. ఈ నడిమివలయము లోపించుటచే మనుష్యుని తీర్పు లోకమును దూషించుటకో భూషించుటకో యుపయోగించును గాని యొక పనికిఁ బూనుకొనుటకుఁ జాలదని ఆయన యభిప్రాయము. లోకమంతయుఁ దిరిగి చూచిన సంఘశాస్త్రజ్ఞుఁడు కట్టకడపటఁ బొరుగింటిగుమ్మమువద్ద నిలుచుట యాయన జీవితమునఁ గల యర్థవంతమైన మలుపు.

ఆ మలుపుననే గోపన్‌పల్లి మరల జ్ఞప్తికి వచ్చును. శాస్త్రములలో 'గంగయందు ఘోషము' అను నుదాహరణమును బాలురు సైత మెఱుఁగుదురు. ఘోషమనఁగా గోపకులపల్లె. నీటిప్రవాహమునఁ బల్లె యుండఁజాలదు గావున, సామీప్యసంబంధముచే గంగాపదమునకుఁ దీరమని యర్థము చెప్పుదురు. గోపన్‌పల్లి యను నామమునకు నిర్వచనమెట్లున్నను, చెవికి గోపకులపల్లెయే స్ఫురించును. 'హైటెక్ సిటీలో గోపన్‌పల్లి' యని నేఁడు ఇండ్లమ్మువారు ప్రకటించుచున్నారు. ఇక్కడను ముఖ్యార్థము పొసఁగదు. ప్రవాహమునఁ బల్లె నిలువదు, నిలిచినది తీరముననే. ధనమును, మనుష్యులును, వీసాలును గలిసి పాఱుచున్న యా మహాప్రవాహమును షియాంగ్ పండితుఁడు సిడ్నీవఱకుఁ గొలిచి చూపెను. తీరమును గొలుచు పని మిగిలియున్నది.

ఆ పనికి ఆక్స్‌ఫర్డు గాని హాలె గాని యక్కఱలేదు. గోపన్‌పల్లి, తెల్లాపూరు, నల్లగండ్ల బడులలోని యుపాధ్యాయుఁ డొక్కొకఁడు తన తరగతిలోని బాలుర యిండ్లను గూర్చి, ఆ ఊరి వృద్ధులు చెప్పు పొలముల పేర్లను గూర్చి, మేడలయందుఁ గావలి కాయువారి యూళ్ళను గూర్చి నాలుగుమాటలు వ్రాసి యుంచినచో అదియే తీరమునకుఁ గొలఁత. అట్టి వ్రాఁతలు లేనందుననే తెలుగువారి గమనమును గూర్చి చెప్పుటకు చీనానుండి యొక యువకుఁడు రావలసివచ్చెను. ఆయన వచ్చి చెప్పినదానిని జదువుటయు, తప్పినచోట దిద్దుటయు, చెప్పనిచోటఁ బూరించుటయు దెలుగుపండితుల ఋణము. 'ఊరు మాఱినది' యని కర్తను మఱుఁగుపఱచి చెప్పుట మాని, ఎవరు మార్చిరి, ఎవరు మార్పఁబడిరి, ఎవరు రెండును నైరి యని పూర్ణవాక్యముగాఁ జెప్పఁగలిగిననాఁడు ఆ ఋణము తీఱును.